ఐస్ అలవాటైన పిల్లాడికి మెదడు గురించి ఇంట్లో ఎలా చెప్పాలి

"ఐస్ అంటే ఏ ఐస్ వదినా?" అని అడిగింది మా మరదలు. విశాఖ ఫిషింగ్ హార్బర్ పక్కన పుట్టి పెరిగిన మనిషి. వేటకి వెళ్ళే బోట్లలోకి ఎత్తే ఐసు తప్ప ఆమెకి ఇంకో ఐసు తెలీదు. బెంగళూరులో ఉద్యోగం పోయిందని ఇంటికొచ్చిన కొడుకు రెండు రాత్రులు కన్ను మూయకుండా గదిలో తిరిగాడు. మూడో రోజు నుంచి లేవకుండా పడుకున్నాడు. వాడి బ్యాగులో దొరికిన చిన్న ప్లాస్టిక్ కవరు, అడుగున మసి పట్టిన గాజు గొట్టం కొంగులో మూటగట్టి మద్దిలపాలెంలో ఉన్న మా ఇంటికి తెచ్చింది. కవరులో పటికబెల్లం పలుకుల్లాంటివి రెండు ఉన్నాయి. మెథాంఫెటమిన్. క్లుప్తంగా మెథ్. కుర్రాళ్ళు ఐస్ అనీ, క్రిస్టల్ అనీ అనేది దీన్నే.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. అందుకే వాడితో మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. మొదటిసారి నేను మాట్లాడిన తీరు తప్పు. "ఇది మెదడు కణాల్ని చంపేస్తుంది, చచ్చిన కణం మళ్ళీ రాదు" అన్నాను. వాడు తలెత్తి, "అయితే ఇంక మానేసి ఏటి లాభం అత్తా?" అన్నాడు. ఆ సాయంత్రం బయటికి వెళ్ళినవాడు రెండు రోజులకి తిరిగొచ్చాడు. భయపెడితే మానతాడనుకుని ఉన్న ఆశ కూడా తీసేశాను. పైగా నేను చెప్పింది సగమే నిజం. తర్వాత చదివి, డాక్టర్లని అడిగి, మళ్ళీ ఎలా చెప్పానో రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి పిల్లాడున్న వాళ్ళకి పనికొస్తుంది.

ఎప్పుడు చెప్పకూడదు

మత్తులో ఉన్నప్పుడు ఏమీ చెప్పకండి. ఎవరో వెంటపడుతున్నారనీ, గోడ అవతల మాట్లాడుకుంటున్నారనీ అనుమానాలు ఉంటాయి. ఎదురు నిలబడి గొంతు పెంచితే కొట్లాటకి దారి తీస్తుంది. గదిలో జనాన్ని తగ్గించి, మెల్లగా మాట్లాడుతూ, నీళ్ళు అందేలా పెట్టండి. ఒళ్ళు కాలిపోతున్నా, గుండెల్లో నొప్పి అన్నా, ఫిట్స్ వచ్చినా, మనిషి స్పృహలో లేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏం వాడాడో దాచకుండా చెప్పండి. అంబులెన్సు వచ్చేలోగా చొక్కా విప్పి, ఒంటి మీద తడిగుడ్డ వేసి, ఫ్యాను పెట్టండి.

ఈ వేడి సంగతి మన ఊరివాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. మెథ్ ఒంటి వేడిని పెంచుతుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో అదే మోతాదు ఇచ్చి ఒళ్ళు వేడెక్కకుండా చూస్తే మెదడుకి తగిలే దెబ్బ బాగా తగ్గింది, చుట్టూ వేడి పెంచితే దెబ్బా పెరిగింది. విశాఖలో మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో మనకి తెలుసు. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మావాడు తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చునేవాడు. తలుపు తీయించలేకపోయినా కిటికీ తీయించండి.

మత్తు దిగాక వచ్చే మొదటి వారం, పది రోజులు కూడా పాఠాలకి సమయం కాదు. రోజుల తరబడి నిద్ర, విపరీతమైన ఆకలి, ఆ వెనకే గట్టి దిగులు. చచ్చిపోవాలని ఉందన్న మాట వినిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మా మరదలు ఆ రోజుల్లో నాలుగు గంటలకోసారి వాణ్ణి లేపి గంజో పెరుగన్నమో తినిపించేది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ పది రోజులూ ఏం చేయాలో నాకంటే ఆమెకే బాగా తెలిసింది.

రెండు సాసర్లు, ఒక అరటిపండు

మెదడు బొమ్మ తెచ్చి చూపిస్తే క్లాసు పీకుతున్నారనుకుంటాడు. వంటగదిలో కూర్చోబెట్టండి. బాగా మాగిన అరటిపండు ఒకటి చక్రాల్లా కోసి రెండు సాసర్లలో సర్దండి. ఒక సాసర్లో ముక్కల మీద నిమ్మచెక్క పిండండి, రెండోది అలా వదిలేయండి. అవి అలా ఉండగా మాట్లాడండి. తరిగిన వంకాయని ఉప్పునీళ్ళలో వేసే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసిందే, కానీ ఇక్కడ అరటిపండే కావాలి. ఎందుకంటే అరటిపండులో నల్లబడే పదార్థాల్లో ముఖ్యమైంది డోపమిన్. మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే డోపమిన్, ఇదీ అక్షరాలా ఒకటే పదార్థం.

వాడికి ఇది చెప్పగానే మొదటిసారి సాసరు వైపు వంగి చూశాడు.

ఇప్పుడు కణాల సంగతి చెప్పండి. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో నడిమెదడులో ఉండి డోపమిన్ తయారుచేసేవి ఇంచుమించు నాలుగు నుంచి ఆరు లక్షలే. 2011 జనాభా లెక్కల్లో విశాఖ నగరం 17 లక్షల పైచిలుకు. అందులో మూడో వంతు మంది ఉన్నారనుకోండి, ఆ కొద్దిమందే దేశమంతటికీ ఒక సరుకు పంపాలి. అంత పని వాటిది. అడుగు సాఫీగా పడటం, ఒక పని మొదలుపెట్టాలనిపించడం, ఆకలికి అన్నం రుచించడం, రేపటి కోసం ఇవాళ కష్టపడాలనిపించడం, అన్నిట్లోనూ వాటి చెయ్యి ఉంది. ఒక్కో కణం నుంచి బయల్దేరిన తీగ స్ట్రయేటమ్ అనే ప్రాంతంలోకి వెళ్ళి కొమ్మలు, రెమ్మలుగా చీలి లక్షల చోట్ల తాకుతుంది. అన్ని రెమ్మలకీ శక్తి అందించాలి కాబట్టి అది మామూలుగానే అలసటలో ఉండే కణం. అంత పలచగా విస్తరించినదానికి దెబ్బ తొందరగా తగులుతుంది.

ఆ రెమ్మల చివర చిన్న చిన్న సంచులుంటాయి, డోపమిన్ వాటిలో దాచి ఉంటుంది. సంచి లోపల పులుపు, అంటే ఆమ్లం. నిమ్మరసం పిండిన సాసరు చూపించండి. పులుపులో ఉన్నంతసేపూ డోపమిన్ పాడవదు. అవసరమైనప్పుడు సంచి తెరుచుకుని డోపమిన్ బయటికి చిమ్ముతుంది, అవతలి కణానికి కబురు అందుతుంది. తర్వాత రెమ్మ గోడలో ఉన్న పంపు దాన్ని మళ్ళీ లోపలికి లాగేసుకుంటుంది. అపార్టుమెంట్లలో సంపులోంచి నీళ్ళు లాగే మోటారు లాంటిది.

కొకైన్ ఆ మోటారు మూతికి గుడ్డ కుక్కినట్టు పనిచేస్తుంది. బయట డోపమిన్ పేరుకుపోతుంది, అది దిగేదాకా ఉత్సాహం. మెథ్ అలా కాదు. చూడ్డానికి డోపమిన్‌లాగే ఉంటుంది కాబట్టి పంపు దాన్ని పొరపాటున లోపలికి లాగుతుంది. లోపలికి వచ్చాక సంచుల్లో దూరి, నిమ్మరసంలో తినే సోడా కలిపినట్టు ఆ పులుపుని విరిచేస్తుంది. సంచులు కారిపోతాయి. ఆపైన పంపుని వెనక్కి తిప్పుతుంది, లోపలికి లాగాల్సిన మోటారు బయటికి తోడుతుంది. ఎలుకల మెదడులో కొలిచి చూస్తే తిండికి పెరిగే డోపమిన్ మామూలుకి ఒకటిన్నర రెట్లు. మెథ్ కూడా చేరే యాంఫెటమిన్ జాతి మందులకి పది రెట్ల దాకా పెరిగింది. కొకైన్ సగం మోతాదు ఒంట్లోంచి పోవడానికి దాదాపు గంట పడితే, మెథ్‌కి పది, పన్నెండు గంటలు పడుతుంది. వాడు రెండు రాత్రులు ఎందుకు మేలుకున్నాడో వాళ్ళమ్మకి అప్పుడు అర్థమైంది.

ఇక్కడికి వచ్చేసరికి అరగంటో ముప్పావుగంటో అయి ఉంటుంది. ఊరికే వదిలేసిన సాసరు ముందుకి జరపండి. ముక్కల అంచులు గోధుమరంగుకి తిరిగి ఉంటాయి.

సంచిలోంచి కారి, బయటికి పోకుండా కణం లోపలే మిగిలిపోయిన డోపమిన్ గతీ ఇదే. ఆక్సిజన్ తగిలి విరుగుతుంది. అరటిపండులో దీనికి ఒక ఎంజైమ్ తోడు ఉంటుంది, కణంలో చాలా వరకు దానంతట అదే జరుగుతుంది. విరిగినప్పుడు క్వినోన్లు అనే పదార్థాలు పుడతాయి, ఇవి ప్రోటీన్లకి అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తాయి. వాటితో పాటు హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకా ఘాటైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా వీటి దెబ్బకి చతికిలపడుతుంది. అదే సమయంలో కణాల్ని ఉత్తేజపరిచే గ్లుటమేట్ ఎక్కువై, మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా రెచ్చిపోయి వాపు తెస్తాయి. దీనికి ఒంటి వేడి తోడవుతుంది. బయటి నుంచి వచ్చిన విషం కంటే, కణం తను తయారుచేసుకున్న డోపమినే తనని కాలుస్తోంది. ఈ మాట చెప్పినప్పుడు మావాడు చాలాసేపు ఆ సాసరుని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. నేను ఇంకేమీ మాట్లాడలేదు. మీరూ అక్కడ ఆపండి.

ఒక జాగ్రత్త. మర్నాటి నుంచి మా మరదలు రోజుకి నాలుగు అరటిపళ్ళు, రెండు గ్లాసుల నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టింది. తిన్న డోపమిన్ రక్తంలోంచి మెదడులోకి దాటలేదు, తాగిన నిమ్మరసం ఆ సంచుల్లోకి చేరదు. అరటిపండు చూపించి చెప్పడానికే. మందు అనుకోకండి.

హుద్‌హుద్ చెట్లు

"చచ్చిన కణం మళ్ళీ రాదు" అన్న నా మాటని సరిదిద్దుకోవడం అన్నిటికంటే ముఖ్యం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాడికి పన్నెండేళ్ళు. మర్నాడు కైలాసగిరి కొండ మాడిపోయినట్టు కనిపించడం వాడికి బాగా గుర్తుంది. వేళ్ళతో సహా పడిపోయిన చెట్లు పోయాయి. నిలబడ్డవాటికి ఆకు లేదు, రెమ్మ లేదు, చచ్చాయనే అనుకున్నాం. కొన్ని వారాలకి వాటిలో చాలావాటికి చిగుళ్ళు వచ్చాయి.

మెథ్ దెబ్బ ఎక్కువగా తగిలేది రెమ్మల చివరలకే, చెట్టు మొదలుకి కాదు. కణం ఒళ్ళు చాలా వరకు నిలబడే ఉంటుంది. 2001లో అమెరికాలో నోరా వోల్కోవ్, ఆమెతో పనిచేసినవాళ్ళు మెథ్ మానేసినవారి మెదడుకి స్కాన్‌లు తీశారు. డోపమిన్ పంపులు మామూలు వాళ్ళకంటే దాదాపు పావు వంతు తక్కువ కనిపించాయి. నడకలో చురుకు, జ్ఞాపకం కూడా తగ్గాయి. వారిలో ఐదుగురు మానేసి ఏడాది దాటాక మళ్ళీ చూస్తే పంపులు గుర్తించదగ్గంత పెరిగాయి. అయితే పరీక్షల్లో వాళ్ళ పనితీరు అంత పూర్తిగా తిరిగి రాలేదు. చూసింది ఐదుగురినే. అయినా నేను వాడికి రెండు సగాలూ చెప్పాను, చిగురు వస్తుందన్నదీ, వెనకటంత గుబురుగా రాకపోవచ్చన్నదీ. ఒక సగం దాస్తే పిల్లలకి తెలిసిపోతుంది.

చెట్టు మొదలే పోతే ఎలా ఉంటుందో కూడా తెలిసిన ఉదాహరణ ఉంది. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా తయారైన నకిలీ హెరాయిన్ వాడిన కొందరు యువకులు రోజుల వ్యవధిలో, డోపమిన్ కణాలు చచ్చి ఒళ్ళు బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బు ముదిరిన ముసలివాళ్ళలా కొయ్యబారిపోయారు. అందులో కల్తీగా ఎంపీటీపీ అనే పదార్థం ఉంది. ఒంట్లో దానినుంచి తయారయ్యే విషం ఇదే డోపమిన్ పంపు గుండా లోపలికి వెళ్ళి కణాన్నే చంపుతుంది. అది మెథ్ కాదు. కానీ కవరులో ఏం ఉందో అమ్మినవాడికీ తెలియని సరుకు గురించి మాట్లాడుతున్నప్పుడు ఈ సంగతి చెప్పడం న్యాయం. మెథ్ విషయంలో, 2012లో అచ్చయిన ఒక పరిశీలన కాలిఫోర్నియా ఆసుపత్రుల రికార్డులు చూసింది. మెథ్ వాడి చేరినవాళ్ళకి తర్వాత పార్కిన్సన్స్ వచ్చే అవకాశం మామూలు రోగులకంటే 76 శాతం ఎక్కువ. కొకైన్ వాడినవాళ్ళలో అలా కనిపించలేదు. వీడికి వచ్చి తీరుతుందని కాదు. రిజర్వు తగ్గిన చెట్టు తర్వాతి గాలికి తట్టుకోవడం కష్టం, అంతే.

పిల్లలు ఇక్కడ తప్పకుండా అడిగే ప్రశ్న, "మరి మిగతావి?" అని. తిన్నగా జవాబు చెప్పండి. గంజాయి ఈ జాతి కాదు, దాని నష్టాలు దానికున్నాయి. ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏ ముఖ్యంగా సెరటోనిన్ అనే మరో కబురు పదార్థం ఉండే కణాలని ఖాళీ చేస్తుంది. ఏడీహెచ్‌డీ అనే, దృష్టి నిలవని సమస్య ఉన్న పిల్లలకి డాక్టర్లు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ కూడా ఆ పంపునే అడ్డుకుంటుంది గానీ, మింగిన మాత్ర నెమ్మదిగా, కొలిచిన మోతాదులో పనిచేస్తుంది, సంచుల్ని పగలగొట్టదు. ఇది చదివి ఎవరూ పిల్లల మాత్రలు ఆపేయకండి.

తర్వాతి నెలలు

ఇంట్లోవాళ్ళకి చెప్పాల్సిన పాఠం వేరే ఉంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. మానేసిన మొదటి నెలల్లో వాడు ఏ పనీ మొదలుపెట్టలేకపోయేవాడు. స్నానానికి లేవడానికి గంట. క్రికెట్ పెట్టినా చూడడు. చేపల పులుసు ముందు పెట్టినా అలాగే కూర్చునేవాడు. "బద్ధకం పట్టింది" అని మా తమ్ముడు రోజూ అనేవాడు. నేను తమ్ముణ్ణి కూడా అదే వంటగదిలో కూర్చోబెట్టి అదే అరటిపండు కోశాను. చిగురు లేని చెట్టుని నీడ ఇవ్వమంటే ఎలా ఇస్తుంది? కాలు విరిగి కట్టు కట్టుకున్నవాణ్ణి ఎవరూ పరిగెత్తమనరు. ఆ తర్వాత తమ్ముడు ఆ మాట అనడం మానేశాడు, పోర్టు నుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు.

డోపమిన్ తక్కువగా ఉన్న మెదడుకి ఆరు నెలల తర్వాతి ఫలితం కనబడదు. ఇవాళ్టిది ఇవాళే ఇవ్వాలి. చికిత్సలో దీన్ని ఒక పద్ధతిగానే వాడతారు, మూత్రపరీక్షలో డ్రగ్ లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇస్తారు. మెథ్ వ్యసనానికి ప్రత్యేకమైన మందు లేదు కాబట్టి ఇలాంటివే పెద్ద ఆసరా. మేము డాక్టరుతో మాట్లాడి ఇంట్లో దీన్ని చిన్నగా చేశాం. పొద్దున్నే వాహనాలు ఆపేసిన బీచ్ రోడ్డు మీద కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిస్తే ఆ రోజు సాయంత్రం మురీ మిక్చర్ తను చెప్పిన బండి దగ్గర. నడక ఊరికే పెట్టలేదు. మెథ్ మానేసినవాళ్ళతో ఎనిమిది వారాలు వ్యాయామం చేయించిన ఒక చిన్న పరిశోధనలో డోపమిన్ అందుకునే గ్రాహకాలు మెరుగయ్యాయి. మొదటి వారం సగం దారిలోనే వెనక్కి తిరిగాడు. సగానికి కూడా మిక్చర్ ఇప్పించాను.

నిద్రవేళ మార్చొద్దు. చేతిలో పెద్ద మొత్తం డబ్బు ఉంచొద్దు. పాత నంబర్లు వాడి చేతే తీయించండి, మీరు దొంగతనంగా ఫోన్ తెరవకండి.

డాక్టరు దగ్గరికి మాత్రం తప్పనిసరి. చిన్నవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో మానసిక వైద్య విభాగం ఉంది. "మెంటల్ ఆసుపత్రికా?" అన్న సంకోచంతో మేము నెల పోగొట్టుకున్నాం. ఆ నెలలోనే ఇరవై ఒక్క రోజుల్లో మెదడు శుభ్రం చేస్తామన్న ఒక ప్రైవేటు కేంద్రానికి అడ్వాన్సు కట్టి పోగొట్టుకున్నాం. రెమ్మలు రావడానికి నెలలు పడుతుందని తెలిశాక అలాంటి మాట నమ్మక్కర్లేదు. వ్యసనం మానడానికి సలహా కోసం 14446 ఉంది. ఊళ్ళో అమ్మేవాళ్ళ సమాచారం ఇవ్వాలంటే మాదకద్రవ్యాలని అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972. పోలీసు కేసు భయంతో చికిత్స ఆపకండి. 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసో, కొద్ది పరిమాణం కేసో అయితే, తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చిన వ్యసనపరుడికి అది రక్షణ ఇస్తుంది. వివరాలు లాయరుని అడగండి.

నోటుబుక్కు

డాక్టరు రోజూ నాలుగు ముక్కలు రాయమన్నారు: ఎన్ని గంటలు నిద్ర, ఏం తిన్నాడు, ఎంత నడిచాడు, ఎంత తహతహ కలిగింది. రాసేది వాడే. ఐదో నెలలో ఒక పాత స్నేహితుడు వచ్చి వెళ్ళాక ఒక రాత్రి మళ్ళీ వాడాడు. మర్నాడు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు, ఆ పేజీలో "వాడాను" అని ఒక్క మాటే ఉంది. ఈసారి నేను కణాలు చచ్చిపోతాయనలేదు. లేత చిగురుకి మళ్ళీ గాలి తగిలింది, చెట్టు నిలబడే ఉంది, డాక్టరు దగ్గరికి పద అన్నాను. తిరగబెట్టడం జరుగుతుందని ముందే అనుకుని, ఆ రోజు ఏం మాట్లాడాలో ఇప్పుడే నిర్ణయించుకోండి. అప్పటికప్పుడు నోట్లోంచి వచ్చే మాట మంచిది కాదు.

తొమ్మిదో నెలలో ఒక ఆదివారం మా మరదలు వంజరం పులుసు పెట్టింది. వాడు రెండో ముద్ద దగ్గర ఆగి, "పులుపు తగ్గిందమ్మా" అన్నాడు. మా మరదలు లేచి చెయ్యి కడుక్కుని, వాడి నోటుబుక్కు తీసి, ఆ రోజు పేజీలో తారీఖు కింద తన చేత్తో ఆ మాట రాసింది.